కనుబొమ్మ

ఐతగోని ఇద్దయ్య సారు చెయ్యి
భుజం దాటి పైకి లేవంగ నేను చూడలే.
మా మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు అసొంటియి,
తాగినోని బొక్కల్ల సున్నమై కూసుంటయి.
బడిల డ్రిల్లు సారు ఆయన.
"చేతులు పైకీ" అని కేకేసి
తను మాత్రం మోచేతుల కాడ్నే ఆగిపోయేటోడు.
మేం నవ్వేటోళ్లం.
ఆయన గూడ నవ్వేటోడు.

ఆ చేతుల్తోనే మేళం కట్టిండు.

పద్దెనిమిది మంది. కొందరు సైకిళ్ల మీద,
కొందరు మాల్ అంగడి కాడ ఎద్దుల లారీ ఆపి ఎక్కి.
రుంజ వీరాచారి, ఒగ్గుడోలు బీరప్ప,
నాటేసిన బురద కాళ్లతోనే సత్తెమ్మ,
మూడు సొరబుర్రల కిన్నెర ఎత్తుకొని దక్కలి పోశాలు.

మొదటి రోజు ఒక్క దెబ్బ పడలే.
జంపఖానా పరిచినంక లొల్లి,
ఎవలు దాని మీద, ఎవలు దాని అంచుకు.
పోశాలు చెప్పుల కాడ నిలవడ్డడు.
ఆయన్ను చూసి డప్పులోళ్లు జరిగిండ్రు,
డప్పులోళ్లను చూసి డోలోళ్లు,
జరిగి జరిగి అందరి ఈపులు గోడకు తాకినయి.
సారు ఏం మాట్లాడలే.
జంపఖానా చుట్టి సంకల వెట్టుకున్నడు.
"ఇగ కూసోండ్రి."
ముప్పయ్యొక్క ఏండ్లు అది మళ్ల పరవలే.
అందాలమ్మ దాని మీద మిరపకాయలు ఎండవోసింది.

నాకు ఎనిమిదో తరగతి.
ఏదన్న వాయిస్త సారూ అంటే
"నువ్వు వాయించకు, లెక్కవెట్టు.
డప్పు ఆగినకాడ్నించి కిన్నెర లేసేదాక
ఎన్ని దెబ్బలు ఉత్తగ పోవాల్నో
నీ ఒక్కదానికే ఎరుకుండాలె."
ఊకుండుడు నా వాయిద్యం.
పదకొండు. కొన్ని పాటలకు పదమూడు.

చేతులు రావు గనక ముఖంతోని నడిపిండు.
ఎడమ కనుబొమ్మ లేస్తే తోళ్లు,
కుడిది లేస్తే తీగెలు,
గదుమ దించితే సత్తెమ్మ.
రెండు కండ్లు మూస్తే నా లెక్క షురువు.

మంచోడని అంటలేను.
తాళం తప్పితే నోటికొచ్చినట్టు తిట్టేటోడు.
బస్సు కిరాయికని బర్రెను అమ్మితే
అందాలమ్మ రెండు రోజులు పొయ్యి ముట్టియ్యలే.
ఒకసారి పట్నంల స్టేజి మీద నాలుగు నిమిషాలే ఇచ్చిండ్రని
సత్తెమ్మ పాటను నాలుగు చరణాలకు కోసిండు.
ఆమె మైకు ముందట్నే అడిగింది:
"కలుపు అయిపోకముందే పాట అయిపోతదా సారూ?"
ఆయన రెండు కనుబొమ్మలు
ఏడియాడ ఉన్నయో ఆడ్నే ఉన్నయి.
ఏడాది దాక ఆమె మేళానికి రాలే.
వచ్చినంక పాట మొత్తం పాడింది.
ఎవలూ గడియారం చూడలే.

మాఘమాసం పొద్దుగాల సారును వాకిట్ల పండవెట్టిండ్రు.
డప్పులు కాగినయి. అందరు వరుసల నిలవడ్డరు.
అలవాటు ఉన్నది గద,
అందరి చూపు ఆ ముఖం మీదనే.
రెండు కండ్లు మూసే ఉన్నయి.
నేను లెక్కవెట్టుడు మొదలువెట్టిన.
పదకొండు పోయింది. పదమూడు పోయింది.
కిన్నెర లేవలే.
ఎంత దాక లెక్కవెట్టిన్నో చెప్ప.

ఇప్పుడు మా నల్లాల కృష్ణ నీళ్లు వస్తయి.
మేళం నడిపేది పోశాలు మనుమడు ఉదయ్, ఇంటరు పిలగాడు.
మొన్న రెండు చేతులు లేపిండు,
చెవులు దాటి, తలకాయ దాటి,
కుంటల కెల్లి కొంగ లేసినట్టు.
మనిషి చేతులు అంత పైకి పోతయని
నాకే ఇచ్చెంత్రమయింది.
ముసలి బీరప్ప ఆ చేతులను చూడనే లేదు.
పిలగాని నుదురు దిక్కే చూసుకుంట
డోలు మీద పుల్ల ఆనిచ్చి కూసున్నడు.
వాడు భుజానికి చెమట తుడుచుకున్నడు.
ఎడమ కనుబొమ్మ జర లేసినట్టయింది.

డోలు మోగింది,
నా లెక్క ఇంక నాలుగు ఉండంగనే.